పద్నాలుగు రోజులు

ఊరి గుమాస్తాను నేను. నా పని రాయడం.
నెలకో సోమవారం సాయంత్రం సత్రం మేడ మీద
పెద్దమనుషులు ఆరుగురు కూర్చుంటారు.
కింద వంటింట్లో వేగే చేప వాసన
మెట్లెక్కి వచ్చి మాతోపాటు కూర్చుంటుంది.
వచ్చే చలికాలం ఎవరు ఊరికి బరువవుతారో
ముందే పసిగట్టి
పొలిమేర దాటించే కాగితం రాయిస్తారు.

అడిగేది ఒకటే: మీది ఏ ఊరు?

మంచినీళ్ళిస్తూ అడిగే మాట.
రోడ్ ఐలండ్ తీరాన, రాజును వెళ్ళగొట్టిన నాలుగేళ్ళకి,
దానికి జవాబు తప్పితే
పద్నాలుగు రోజుల్లో తట్టాబుట్టా సర్దుకోవాలి.

ప్రైమస్ వచ్చాడు. యుద్ధంలో మూడేళ్ళు నడిచిన కాలు
మెట్ల మీద ఒక చప్పుడు ఎక్కువ చేసింది.
కోటులోంచి మైనపు గుడ్డ, గుడ్డలోంచి కాగితం తీసి
పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.
ఇతడు ఎవరి సొత్తూ కాదు అని ఉంది అందులో.
మడతల దగ్గర చిరిగి
స్వేచ్ఛ నాలుగు ముక్కలయింది.
"ఎవరింట్లో పుట్టావు?" అన్నారు.
ఎక్కడ అనలేదు, గమనించాను.
"అయితే నీ పాత యజమాని ఊరే నీ ఊరు. అక్కడికి పో."
నేను రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

హనోరా నిలబడి ఉండలేదు, అడక్కుండానే కూర్చుంది.
కార్క్ రేవులో ఓడెక్కి, ఏడేళ్ళ ఒప్పందం మీద
ఇద్దరు యజమానుల చేతులు మారిన మనిషి.
"మీ ఆరుగురి చొక్కాలూ ఉతికాను," అంది,
"ఎవరి మరక ఎక్కడుందో చెప్పమంటారా?"
ఒకాయన కాలరు సర్దుకున్నాడు.
అంతవరకూ బాగానే ఉంది.
తర్వాత ఆమే అంది: "ఆ నల్లవాడి కింద మాత్రం
నా పేరు రాయకండి."
మెట్ల మీద ఆ కాలి చప్పుడు
కాసేపు ఆగి, మళ్ళీ దిగింది.

ఆఖరున థాంక్‌ఫుల్.
గంపలో ఆల్చిప్పలు, పాదాలకు తడి బురద.
మీది ఏ ఊరు?
ఆమె కిటికీలోంచి చూసింది,
నేల వైపు చూసింది, మా కుర్చీల కాళ్ళ వైపు చూసింది.
"మీరు కూర్చున్నది మా అమ్మమ్మ మొక్కజొన్న చేనులో."
ఎవరో దగ్గారు.
"నరగాన్సెట్ అని రాయకు," అన్నారు నాతో మెల్లగా,
"ఆ జనం ఇప్పుడు లేరు. దేశదిమ్మరి, నల్లది అని రాయి."

లేని జనం నా ఎదురుగా నిలబడి
గంప ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

ఇది మూడోసారి ఆమెను పంపడం.
కానిస్టేబులు చిక్కుడు నాటే వేళ ఏరు దాటిస్తాడు,
ఆల్చిప్పల వేళకు ఆమె ఇక్కడే ఉంటుంది.
"ఏం రాశావు? చదువు," అంది.
చదివాను.
"అది నేను కాదు.
ఆవిణ్ణి పంపించండి. నేను ఉంటాను."

ఆ రాత్రి పాత చిట్టా తిరగేశాను.
మూడేళ్ళలో ఆమె పేరు మూడు రకాలుగా రాశాను,
ఒక్కటీ ఆమె పలికినట్టు లేదు.
ఇంకో పేజీలో మా నాన్న ఉన్నాడు:
బార్బడోస్ నుంచి వచ్చిన పేదవాడు,
మేనమామ పూచీ మీద ఉండనివ్వడమైనది.
ఒక్క సంతకం. దాని మీదే నా ఇల్లు, నా కలం.

పదో రోజు, చీకటి పడ్డాక, ప్రైమస్ తలుపు తట్టాడు.
రెండు షిల్లింగులు బల్ల మీద పెట్టి
"నా కాగితం మీ చిట్టాలో ఎక్కించు," అన్నాడు,
"నా జేబు చిరుగుతుంది. ఊరి పుస్తకం చిరగదు."
పంపేస్తున్న ఊరినే పూచీ అడుగుతున్నాడు.
మాట మాటా చూసి ఎక్కించాను.
డబ్బు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు.

పదిహేనో రోజు పొద్దున్న
కానిస్టేబులు కాగితం పట్టుకుని ఒడ్డంతా తిరిగి,
ఈ పేరుగలావిడ దొరకలేదని చెప్పాడు.
అతని భుజం వెనక, ఇసుక దిబ్బల అవతల,
ఎవరో ఆల్చిప్పలు కాలుస్తున్న పొగ.

నేను రాశాను: వెళ్ళిపోయినది.