చాయ్ ఊదినట్టు

లిఫ్టులు బాగుచేసుడు నా పని.
మియాపూర్‌ల, నిజాంపేటల, పుప్పాలగూడల
నడుమంత్రంగ ఆగిపోయిన డబ్బాల కాడికి పోత.
"మెకానిక్ ఇంకా రాలేదా అమ్మా?" అని నన్నే అడుగుతరు.
నేను టూల్‌బ్యాగు భుజానికేసుకుని
మెట్లు ఏ దిక్కున్నయని అడుగుత.

ఎక్కుడు నేర్చింది ఆ మెట్ల మీదనే.
ఆదివారం మాత్రం మౌలాలి గుట్ట.
చీకటి ఉండంగనే పోయి
పది తాపల ఎక్కుడు, పది తాపల దిగుడు.
పైన ఊడ్చే జహంగీర్ చాచా
నాలుగో తాపకు చీపురు ఆపిండు.
"ఏం మొక్కుకున్నవు బిడ్డా, ఇన్నిసార్లు?"
లద్దాఖ్‌ల ఒక కనుమ ఉంది చాచా,
దాని మీదికెళ్లి డెబ్బై కిలోమీటర్లు ఉరకాలె అన్న.
"ఎవలన్న తరుముతున్నరా?"
ఆ మాటకు జవాబు ఇప్పటికీ దొర్కలే.

ఈ ఊర్ల అన్నీ దొరుకుతయి.
బూట్లు, నెత్తికి కట్టుకునే బత్తి,
కోఠిల బేరం చేసి కొన్న ఉన్ని టోపీ.
పల్చటి గాలి మాత్రం ఏ దుకాణంల లేదు.
అట్లనే అనుకున్న.

అక్కడ రాత్రి మూడింటికి ఒదిలిండ్రు.
నలభై రెండో కిలోమీటరు దాటినంక
తొవ్వ ఉంది, కాళ్లు ఉన్నయి,
నడుమ ఉండాల్సిందే లేదు.
పది అడుగులు. ఆగుడు.
ఆరు అడుగులు. ఆగుడు.
ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు చప్పుడు.
ఎన్కకు తిరిగి చూసిన, ఎవ్వలు లేరు.
అది నా ఛాతిలకెళ్లే వస్తుంది.

ఆ చప్పుడు నాకు ఎర్కే.
గోడ ఇవతల పండుకుని
పద్దెనిమిదేండ్లు ఇన్న.

నాయిన రేకుల కార్ఖానల పనిచేసిండు.
కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ముతోని ఇంటికొచ్చేటోడు.
మౌలాలిల ఉండి కూడ గుట్ట ఎక్కలే.
గడప దాటి పంపు కాడికి పోతే
ఆ పొద్దుకు అదే ప్రయాణం.
కుర్చీల ముందుకు వంగి
మోకాళ్ల మీద మోచేతులు ఆనిచ్చి
పెదవులు సున్న చుట్టి, మెల్లగ ఊదేటోడు.
కప్పు లేకుంట చాయ్ ఎందుకు ఊదుతున్నవు నాయినా
అని అడిగిన, చిన్నప్పుడు.
నవ్వబోయి దగ్గిండు.

పదిహేడు వేల అడుగుల ఎత్తు మీద,
రేకుల ఇంట్ల, బండల నేల మీద,
అంగీకి ఏ నంబరూ కుట్టుకోకుంట
ఏండ్లకేండ్లు ఉన్నడు ఆయన.

నేను రాయి మీద కూసున్న.
డాక్టర్ పిల్లగాడు వేలికి క్లిప్పు పెట్టిండు.
అరవై ఎనిమిది.
"దించేస్తం" అని జీపు దిక్కు చూపెట్టిండు.
ఐదు నిమిషాలు ఇయ్యమన్న.
మోకాళ్ల మీద మోచేతులు ఆనిచ్చి, సున్న చుట్టిన.
చాయ్ సల్లారే దాక ఊదిన.
డెబ్బై నాలుగు.
డెబ్బై తొమ్మిది.
అతను గడియారం చూసిండు, నన్ను చూసిండు,
క్లిప్పు తీస్కపోయిండు.

షంషాబాద్‌ల తలుపులు తెరుచుకోంగనే
డీజిలు వాసన, తడి మట్టి వాసన, గాలి!
ఎవలో మరిచిపోయిన సామాను లెక్క ఇంత గాలి.
అడిగేటోళ్లే లేరు.

సోమవారం నిజాంపేట నుంచి ఫోను.
పదకొండో అంతస్తుల తలుపు పట్టేసింది.
మెడల్ స్పానర్ల కింద ఎక్కడ్నో గలగలమంటుంది.
ఐదో అంతస్తు మలుపుల ఒక పెద్దమ్మ,
సొరకాయ సంచి పక్కకు పెట్టి, గోడకు ఒరిగి.
"మెకానిక్ వస్తున్నడంట బిడ్డా."
వస్తడులే అని పక్కన కూసున్న.
ముందుకు వంగుమన్న.
పెదవులు సున్న చుట్టుమన్న.

పైన ఎవలో అరుస్తున్నరు.
మేమిద్దరం, కప్పులు లేకుంట,
ఊదుతున్నం.