యాడికెల్లి లెక్క

ఏనుమాముల రోడ్డు మీద
మా కోల్డ్ స్టోరేజీ మేడగదిలో
మూడు రోజులుగా ఒక స్కోర్‌కార్డు కడుతున్నాను.
పదకొండు కొలమానాలు, ఒక్కోదానికి ఒక టార్గెట్,
టార్గెట్ పక్కన చిన్న గుండ్రం.
బాగుంటే పచ్చ, అటూ ఇటూ అయితే పసుపు,
బాగాలేకపోతే ఎరుపు.

కిటికీ తెరిస్తే కింద అంతా ఎరుపే.
తేజ, వండర్ హాట్,
బస్తా మూతి విప్పిన ప్రతిచోటా
రేటు పలికే ఎరుపు.
ఇక్కడ పచ్చగా ఉంటే పచ్చి, తెల్లబడితే తాలు.
చీపురు ఆపి నా గుండ్రాలను చూసిన సాంబలక్ష్మి
"గీ ఎర్రగున్నయే మంచియి గదమ్మా?" అంది.
ఏం చెప్పాలో తెలియక తుమ్మాను.
ఈ మేడ మీద తుమ్ము ఎప్పుడూ మర్యాదైన జవాబే.

తర్వాత వ్యూహపటం.
అడుగు వరుసలో హమాలీలకు శిక్షణ,
దాని మీద కాంటా వేగం,
ఆ పైన రైతు తృప్తి,
అన్నిటి నెత్తిన లాభం.
కింది నుంచి పైకి బాణాలు.
వంకర పోయినదాన్ని సాఫ్ట్‌వేరే సాపు చేస్తుంది.
ఇంత సులువుగా ఒకటి ఇంకోదానికి కారణమవుతుందని
ఇదివరకు నాకు తెలియదు.

'నిరీక్షణ సమయం' పచ్చగా వెలిగింది.
సగటు నలభై నిమిషాలు, టార్గెట్ అరవై.
ఆ గడిని పెద్దది చేయమన్నారు మేనేజరు గారు,
గుమ్మంలోంచి చూసినా కనబడేలా.

ఛాయ్ తెచ్చిన మిషతో
దడువాయి ఓదెలు పైకొచ్చాడు.
యార్డులో ముప్ఫై ఏళ్లు కాంటా పట్టిన మనిషి.
రెండు వేళ్ల మధ్య కాయ నలిపి తేమ ఎంతో చెప్తాడు,
మా మీటరు కాసేపాగి ఒప్పుకుంటుంది.
అద్దాలు నుదుటికెత్తి పచ్చ గుండ్రాన్ని చూశాడు.
"బిడ్డా, నీ గడియారం యాడికెల్లి నడుస్తది?"
"గేటుకాడ టోకెన్ ఇచ్చినప్పటి నుంచి."
"మరి గేటు అవతలి రాత్రి రాత్రి గాదా?"

ఆ రాత్రి స్కూటీని ఇంటివైపు తిప్పకుండా
ట్రాక్టర్ల వరుస వెంట పోనిచ్చాను.
టార్పాలిన్ల మీది దుమ్ము రంగును బట్టి
ఏది పర్కాల వైపుదో ఏది నర్సంపేటదో చెప్పొచ్చు.
డెబ్బై రెండు దాకా లెక్కపెట్టి వదిలేశాను.
ట్రాలీ కింద గోనెపట్టా పరుచుకుని ఒకాయన,
తలాపున సద్దిగిన్నె.
ఎన్ని గంటలకొచ్చారని అడిగాను.
"సోమారం" అన్నాడు.
మేం మాట్లాడుకుంటున్నది బుధవారం.

తెల్లారి ఫార్ములాలో ఒక్క గడి మార్చాను.
టోకెన్ వేళ తీసేసి
వాచ్‌మన్ పొడుగు నోటుబుక్కులో రాసుకున్న వేళ ఎక్కించాను.
రిఫ్రెష్.
పచ్చ, పసుపు కాకుండానే ఎర్రబడింది.
సగటు ముప్ఫై ఒక్క గంట.
రైతు తృప్తి నుంచి లాభానికి వెళ్లే బాణం మాత్రం
కాస్తయినా వంగకుండా నిలబడే ఉంది.

మేనేజరు గారు చాలాసేపు చూశారు.
కోప్పడలేదు.
"టార్గెట్ నలభై గంటలు చేస్తే?" అన్నారు,
పప్పులో ఉప్పు సంగతి అడిగినట్టు.
నలభై కొట్టాను. పచ్చ.
ఒకటి కొట్టాను. ఎరుపు.
నలభై. ఒకటి.
ఆయన ఫోన్ మోగితే మెట్ల మీదికి వెళ్లిపోయారు.
సేవ్ చేయాలా అని పెట్టె అడుగుతోంది,
లోపల కర్సరు కొట్టుకుంటోంది.

కింద ఆ సోమవారపు మనిషి వంతు వచ్చినట్టుంది.
మొదటి బస్తా కాంటా ఎక్కింది.
ఒకటి అనకూడదు కదా,
ఓదెలు గొంతెత్తి "లాభం" అన్నాడు.
తర్వాత రెండు.
తర్వాత మూడు.