నంబరు రాయని చోటు

ఆదోని పత్తి మార్కెట్టు గేటుకు ఎదురుగా
నాలుగు రేకుల కింద నా అంగడి.
ఇరవై రెండేండ్లుగా నంబర్లు రాస్తాండా.
బ్రహ్మరాత సంగతి నాకు తెలీదు గానీ
ఈ ఊర్లో ట్రాక్టర్ల నుదుటిరాత, లూనాల నుదుటిరాత,
మూడు వాయిదాలు ఎగ్గొట్టిన ఆటోల నుదుటిరాత
ఈ ఉసేని కుంచెదే.
ఇప్పుడు కంపెనీ పలకలొచ్చినాయి.
పాత బండ్లూ, పోలీసు బండ్లూ నాకు మిగిలినాయి.

నా టీవీఎస్ మీద ఎనిమిది అరిగి మూడైందని
ఒకసారి ఐదొందలు రాసినారు.
రాసేటోని బండికే రాత సరిగా లేదంటే
నవ్వక ఏం జేస్తా? నవ్వి, కట్టినా.
"చట్టం కదప్పా" అన్నాడు హెడ్డు మద్దిలేటి.
చట్టమే. కాదన్ల్యా.

నెల తిరక్కముందే ఆ మద్దిలేటి సారే
కొత్త బుల్లెట్టు తెచ్చి నిలబెట్టినాడు.
పోలీస్ అని రాయి. ఎర్రది ఒకపక్క, నీలిది ఒకపక్క.
నంబరు సార్?
అంత చోటు యాడుంది లే, అన్నాడు.
చోటుంది. జానెడు చోటుంది. కండ్లతోనే కొలిచినా.
అయినా రాయల్యా.
మూడక్షరాలు దిద్ది, మిగతాది తెల్లగా వదిలేసినా.
దుడ్లు నేనడగల్యా. ఆయన ఇయ్యల్యా.

పత్తి తీసే కాలం.
కోడి కూసేయాల ఆలూరు రోడ్డులో
కూలికి నడిచిపోతాండే సుంకులమ్మను
ఎదురుదోవలో వచ్చిన బండి గుద్ది పాయ.
తుంటి ఎముక.
చూసిన పిల్లోడు చెప్పినాడు:
ఎర్రది ఒకపక్క, నీలిది ఒకపక్క.
నంబరెంత రా?
నంబరు లేదన్నా.

స్టేషన్ కాయితంలో వాహనము నంబరు అని ఒక గడి ఉంటాది.
దాంట్లో తెలియదు అని రాసుకున్నారు.
అడిగిందీ వాళ్లే, రాసిందీ వాళ్లే,
తెలియనిదీ వాళ్లకే.
ఆ గడి ఎంత పొడుగో నాకు తెలుసు.
జానెడు.

మద్దిలేటి బండేనా అంటే, చెప్పలేను.
ఊర్లో అట్లాంటివి పదకొండున్నాయి.
ఏడు నేను రాసినవే.

టీ అంగట్లో ఈ మాటంటే నన్నే కసురుతారు.
వాళ్లకు తొందర్లుంటాయి ఉసేనీ,
దొంగోడు ఎర్రలైటు కాడ నిలబడ్తాడా?
నిలబడడు. నిజమే.
కానిస్టేబుల్ లాలెప్పను నేను మరిసిపోల్యా.
పాము కరిసిన ఈరేశును ముందర కూచోబెట్టుకొని
హారన్ మీద చెయ్యి తీయకుండా
వన్‌వేలో ఎదురు పోయినాడు,
షరాఫ్ బజారంతా గోడలకు అతుక్కపోయింది.
పిల్లోడు బతికినాడు.
సాయంత్రం లాలెప్ప స్టేషన్ పుస్తకంలో
టైం రాసినాడు, దోవ రాసినాడు,
ఎందుకో రాసినాడు, కింద సంతకం పెట్టినాడు.
తిరిగొచ్చి, బోర్లపడిన జామకాయలకు
బీబమ్మ చేతిలో నూటిరవై పెట్టిపోయినాడు.
వద్దంటే వినల్యా.

దోవ తప్పడం వేరే.
పేరు తప్పించడం వేరే.
నాకు చదువు ఎనిమిదో తరగతి, ఇంతకన్నా చెప్పడం రాదు.

నిన్న మద్దిలేటి మళ్లా వచ్చినాడు.
వానలకు ఎరుపు కారి నీలంలోకి దిగింది.
కొత్తగా రాయమన్నాడు.
నేను చాక్‌పీసు తీసి
ముందు నంబరుకు గీత కొట్టినా.
ఆయన చెప్పల్యా. షోరూం చీటీ మీద
పోయినసారే చూసి పెట్టుకున్నా.

ఏందిది, అన్నాడు.
చట్టం కదప్పా అందామనుకున్నా.
నాలిక ఎండకపోయింది.
చెయ్యి వణికి ఏడు వంకర పాయ.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్లా రాసినా.
సుంకులమ్మ ఇప్పుడు కట్టె పట్టుకొని
మార్కెట్టు గేటు కాడ తమలపాకులమ్ముతాది.
ఆడినుంచి నా అంగడి కనపడ్తాది.

ఆయన ఏమీ అనల్యా. పోనూ పోల్యా.
ఆయన నీడ మాత్రం
పచ్చిగా ఉండే అంకెల మీద పడి ఉంది.

"రవ్వంత పక్కకు జరగండి సారూ,
ఎండ తగలాల.
లేకుంటే ఆరదు."