సంతకానికి వదిలిన చోటు

జ్ఞానాపురం పట్టణ ఆరోగ్య కేంద్రానికి
ఇసిజి మిషను వచ్చి ఏడాదిన్నర.
రేకు బీరువా పక్కన, ఒక చక్రం లేని బల్ల మీద
ఇటుకముక్క ఆసరాతో కూర్చుంటుంది.
గుండెను గీయడమొక్కటే కాదు,
దాని జబ్బుకి పేరు పెట్టడం కూడా వచ్చు దానికి.
పది సెకన్లు వింటుంది.
కాగితం పైమూలన ఇంగ్లీషులో
తీర్పు అచ్చేసి ఊరుకుంటుంది.

మొదట్లో నాకెంత ధీమాయో!
రోజుకి నూటపది ఓపీ,
జ్వరాలు, గజ్జి, బీపీ మాత్రలు, కుక్కకాట్లు.
గీతల్లో మతలబు నాకెక్కడ గుర్తుంటుంది?

ఒక సోమవారం గరికిన దానయ్య వచ్చాడు,
హార్బరులో వలలు బాగుచేసే మనిషి.
దడ లేదు, ఆయాసం లేదు.
"మా కోడలు సూపించుకోమన్నాది, అంతే."
మిషను మాత్రం గట్టిగా అంది:
ఏట్రియల్ ఫిబ్రిలేషన్.
కాగితం నిండా నురగ.
రక్తం పలచబరిచే మాత్ర పేరు సగం రాసి
ఎందుకో ఆగి, మణికట్టు పట్టుకున్నాను.
టక్. టక్. టక్.
గోడ గడియారం కంటే బుద్ధిగా ఉంది నాడి.
వణుకుతున్నది చెయ్యి.
"మూడేళ్ళయిందమ్మా, సూదిలోకి దారం ఎక్కట్లేదు."
సిస్టరు రోజ్‌లిన్ క్లిప్పులు తీసి
భుజాల దగ్గర అంటించింది. ఫ్యాను ఆపాం.
నురగ దిగిపోయింది.
ప్రతి పెద్ద కెరటానికీ ముందు
ఒక చిన్న మడత, కుదురుగా.
చెయ్యి వణికితే గుండె వణికిందనుకుంది పిచ్చిది!

ఆ కథ ఎంతమందికి చెప్పుకున్నానో.
క్లాసులో ఫస్టొచ్చే పిల్లాడు
ఒక్క లెక్క తప్పితే మాస్టారికి కలిగే
ఆ చిన్న, చెడ్డ సంతోషం.

ఉక్కపోత రోజు సూరాడ బండెమ్మ వచ్చింది.
చేపల తట్ట గుమ్మం బయట దించి,
కొంగుతో మెడ తుడుచుకుంటూ,
"బేగి బేగి కొట్టుకుంతంది, మళ్ళీ ఆగినట్టుంతంది,
ఏటో అయిపోతంది డాట్రమ్మా."
పోర్టు బొగ్గుపొడి ఆమె చర్మమ్మీద కూడా;
దూదితో రెండుసార్లు తుడిస్తేగాని
బిళ్ళలు అంటుకోలేదు.
కరెంటు పోయి వచ్చింది. బయట నలభై మంది.
మిషను మళ్ళీ ఆ రెండు మాటలే.
"మొదలెట్టిందిరా బాబూ ఇది" అన్నాను.
రోజ్‌లిన్ నవ్వింది. నేనూ.
గ్యాసు మాత్రలు రాశాను.
ఆమె చేతులు వణకడం లేదు.
నేను చేతులు చూడలేదు.

పదకొండు రోజులకి మనవరాలు వచ్చింది,
కేజీహెచ్‌ నుంచి, చెప్పుల్లేకుండా.
రేషను కార్డుతోపాటు ప్లాస్టిక్కు కవర్లో
నాలుగు మడతల కాగితం.
"ఇది మీరు తీసిందేనా అని అడుగుతున్నారు పెద్ద డాక్టర్లు."
కుడిచెయ్యి పోయింది. మాట పోయింది.
తట్ట తలకెత్తుకునే మనిషి.

అప్పుడు చదివాను.
రెండు దగ్గరగా, ఒకటి దూరంగా,
మళ్ళీ మూడు గుంపుగా,
గేదెలు రోడ్డు దాటినట్టు.
చిన్న మడత ఎక్కడా లేదు.
అంతా అక్కడే ఉంది, పైమూలన అచ్చులో సహా.
అడుగున ఇంకో వరుస,
ఏడాదిన్నరగా నేను చదవని వరుస:
ధ్రువీకరించలేదు. వైద్యులు పరిశీలించవలెను.
దాని పక్కన సంతకానికి
బొటనవేలంత ఖాళీ.

తనకి తెలియకపోవచ్చని
అది ప్రతిసారీ రాసే ఇచ్చింది.
నేనెప్పుడూ ఎవరికీ అలా రాసివ్వలేదు.

బండెమ్మ ఇప్పుడు నెలనెలా వస్తుంది మాత్రలకి,
మనవరాలి భుజం పట్టుకుని.
కుర్చీలో కూర్చోగానే, నేనడక్కుండానే
ఎడమచెయ్యి బల్ల మీద పెడుతుంది.
పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం
మానేశాను.
నిమిషం నిండా పట్టుకుంటాను.
నిమిషం చాలా పొడుగు.
బయట ఎవరో తలుపు బాదుతున్నారు.
రోజ్‌లిన్ వెళ్ళి ఫ్యాను ఆపుతుంది.