పదిహేడో నంబరు చెక్కబిళ్ళ

మంగళవారం.
ఒతారు కొండవాలు మీద మంచు
మా కిటికీ సగం దాకా ఎక్కింది.
స్నానం అన్న మాట ఇంట్లో అనను.
తువ్వాలు కంటపడితే చాలు, అమ్మ
గుండీలన్నీ మెడదాకా పెట్టేసుకుని
వాటిమీద రెండు చేతులూ మూత వేస్తుంది.
"పొద్దున్నే చేశాను" అంటుంది.
ఆ పొద్దున గడిచి పదకొండు రోజులు.

పోయినవారం బతిమాలాను.
అంతకుముందు వారం గొంతు పెంచి
నా గొంతుకి నేనే జడుసుకున్నాను.
తడిగుడ్డతో మెడ తుడవబోతే
"ఎవరమ్మా నువ్వు,
పరాయిదాని ఒంటిమీద చెయ్యేస్తావు?" అంది.
అడిగింది న్యాయమే.
నేనైతే కొరికేదాన్ని.

నలభై ఒక్క ఏళ్ళు
ఊరందరికీ వేణ్ణీళ్ళు కాచిన మనిషి, ఫుసాయె.
అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు,
నడుమ ఎత్తుపీట మీద గల్లాపెట్టెతో తను.
ఎవరి పొట్టమీద ఏ కుట్లు,
ఎవరి వీపున ఏ వాత,
ఏ కోడలు ఏడవడానికే తొట్టిలో దిగుతుందో
అన్నీ తెలుసు.
ఒక్క మాట గుమ్మం దాటనివ్వలేదు.
అలాంటి మనిషి ఎదుట నిలబడి
బట్టలు విప్పమని నేను!

ఇవాళ ఏం తోచిందో,
తువ్వాలు చంకన పెట్టుకుని వీధిలోకి నడిచాను.
మంచులో కాసేపు నిలబడి
మా తలుపు నేనే తట్టాను.
"ఉన్నారాండీ? ఇవాళ తెరిచారా?"

లోపల చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, నేను ఇరవై ఏళ్ళుగా వినని గొంతు:
"రండి రండి. తలుపు వెయ్యండి, ఆవిరి పోతుంది."

కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ తప్ప
ఆవిరంటూ ఏమీ లేదు.
చెయ్యి చాపింది.
నాణేలు ఒక్కోటీ బొటనవేలితో తడిమి
"ఇరవై యెన్‌లు తక్కువ. పర్లేదు, ఈసారి ఇవ్వు" అంది.
కుట్టుపెట్టెలో దారపుండల కింద వెతికి
బూట్ల అర తాళం, చెక్కబిళ్ళ తీసి ఇచ్చింది.
పదిహేడు.
ఆ కట్టడం కూలగొట్టిన రోజు
అమ్మ జేబులో ఏముందో ఎవరం అడగలేదు.

నేనే ముందు విప్పుకున్నాను.
తను గోడవైపు తిరిగింది.
పేర్లు పోయినా మర్యాద పోలేదు.
"వీపు రుద్దేవాళ్ళెవరూ రాలేదా?"
"లేదండీ."
చేతులు పైకి మడిచి మొదలెట్టింది.
బండలు తోమినట్టు తోమింది.
కుడి రెక్క కింద ఆగి
"ఇలాంటి మచ్చే మా చిజూరుకీ ఉంది.
మొండి ఘటం, చెప్పిన మాట వినదు."
నేను నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

చొక్కా మోచేతులదాకా తడిసింది.
"మీరూ తడిసిపోయారు" అన్నాను, అంతే.
గుండీలు తనే తీసింది,
పై నుంచి మూడోది కాస్త మొరాయించింది.

మోచేత్తో నీళ్ళ వేడి చూసి
పాదాల దగ్గర మొదలుపెట్టాను.
వేళ్ళ సందులు, మోకాళ్ళ వెనక,
రొమ్ముల కింద ఎర్రగా ఒరుసుకున్న చోట
సబ్బు కాదు, ఉత్త నీళ్ళు, అద్దినట్టు.
పిరుదుల దగ్గర ఒళ్ళు బిగించింది.
"కస్టమర్లు ఎక్కువున్నారా ఇవాళ?" అన్నాను.
"మంచు కదా, ఎవరొస్తారు" అంటూ
వదులయింది.

తుడిచి, పొడిబట్టలు తొడిగి,
పొయ్యి దగ్గర కూర్చోబెడితే
చెయ్యి చాపింది మళ్ళీ. చెక్కబిళ్ళ కోసం.
ఇచ్చేశాను.

వచ్చే మంగళవారం ఆ గొంతు
తలుపు తీస్తుందో తీయదో.
ఇరవై యెన్‌లు మాత్రం
నా బూట్ల పక్కన పెట్టి ఉంచాను.