ఇసుక పెట్టె

జుల్మీరా,
ఇవాళ నీ లాకరు తెరిచారు.
ఒంటి గ్లోవు,
సగం చప్పరించి మళ్ళీ చుట్టిపెట్టిన సోంపు బిళ్ళ,
రెండేళ్ళ కిందట నేను పోగొట్టుకున్న గొడుగు.

దొంగా!

లిస్బన్‌లో నాలుగు రోజులుగా ముసురు.
నా మొదటి వారం, ఇలాంటి వానలోనే,
గ్రాసా వాలు మీద ట్రామ్ జారింది.
చెయ్యి బ్రేకు మీదే కొయ్యబారిపోయింది.
నువ్వు అరవలేదు.
"చక్రం ఏడుస్తోంది, విను.
ముందు ఇసుక వదులు,
తర్వాత భయపడుదువుగాని" అన్నావు.

ముప్పయ్యొక్కేళ్ళు దిగావు ఆ వాలు.
పట్టాలు ఎక్కడ అరిగాయో
నీ మోకాళ్ళకి తెలుసు.
డాక్టరు ఏమన్నాడో మాత్రం
మా ఎవ్వరికీ తెలియనివ్వలేదు.

నిన్ను దించుతుంటే చర్చి మెట్లు తడిగా ఉన్నాయి.
డిపో మొత్తంలో మొరటువాడు, ఆ అదెలీనూ,
ముందు నడుస్తూ
జేబులోంచి ఇసుక తీసి
మెట్టు మెట్టుకీ చల్లాడు.
ఎవరూ నవ్వలేదు.
నువ్వైతే పగలబడి నవ్వేదానివి.

రేపు ఐదింటి బండిలో
నా పక్కన ఒక కొత్త పిల్ల నిలబడుతుంది.
పేరు ఇంకా అడగలేదు.
గొడుగు తనకే ఇస్తాను.

తెల్లారేదాకా
ఈ వాన తగ్గకపోతే బావుణ్ణు.