గింజులాట

పొద్దున ఆరుకే ఫకీరప్ప ఫ్లాస్కు తెచ్చినాడు
పాతూరు కబేలా నుంచి, సైకిలు మీద.
టీ అనుకోని దారిలో ఎవరో ఆపి అడిగినారంట.
మూత తిప్పినాను.
గోరువెచ్చని ఉప్పునీళ్లలో
గొర్రె అండాశయాలు ఏడు జతలు,
ఒక్కోటీ పచ్చి బుడ్డకాయంత.
ఆ గొర్రెలు ఎవరివో.
నిన్నటిదాకా కూడేరు దిక్కు ఎండలో
తుమ్మకాయలు ఏరుకోని తిన్నవేమో.

సూదితో గుంజి, కడిగి,
అండాలను నూనె కింద చిన్న చుక్కలో దాచి
మామిడికాయల మాదిరి ఒక దినం మాగబెట్టి
మర్నాడు పొట్టేలు గింజను వదిలినాను.
గింజ అనేది మా నాయన మాట.
రికార్డుల్లో ఇంకోటి రాస్తాం.

కాలేజీలో ఇదంతా యుద్ధం.
కోట, ఈటె, గెలిచినోడు ఒకడే.
సారు బోర్డు మీద బాణాలు గీసేవాడు
అన్నీ ముందుకే.

అద్దానికి కన్ను ఆనించి చూస్తే
ముందుకు తోసే బలం
ఏముందబ్బా దానికి, శానా తక్కువ.
ఉన్న సత్తువంతా పక్కలకే.
తోక విసురుతుంది, తల అటు, ఇటు, అటు,
కాదు కాదు అన్నట్టు.
పొడవడం కాదు అది,
విడిపించుకోని పోవాలని చూడడం.
తుమ్మబంకకు కాలంటిన చీమ.

అండం కదలదు.
తన తియ్యటి పొరను ఊరికే ఆనించింది,
పట్టుకున్నట్టే లేదు
వదిలినట్టూ లేదు.

గింజ గింజుకుంటోంది.
ఈ మాట కడుపులో ఆ మాట ఉందని
ముప్పై నాలుగేండ్లకు తట్టింది నాకు.
నవ్వొచ్చింది.
చెప్పుకోను గదిలో ఎవరూ లేరు.

అంతలో కరెంటు పోయింది.
యూపీఎస్ కూత.
బయట నలభై రెండు,
లోపల ముప్పై ఎనిమిదిన్నర దాటకూడదు,
తడిగుడ్డ తెచ్చి కిటికీకి కట్టి
మళ్లీ వచ్చి చూస్తే
అదే చోట అది
ఇంకా కాదంటానే ఉంది,
కాదన్నప్పుడల్లా పొర రవ్వంత అరిగి
తల సగం లోపల.

రిజిస్టర్లో 'ముందుకు చలనం' అని
ఒకటే గడి ఉంటుంది.
అరవై శాతం అని రాసి,
అంచులో పెన్సిలుతో
ఒక అడ్డగీత గీసినాను, రెండు మొనలతో.
ఇదేంది సుంకమ్మా అని అడిగితే
చెరిపేస్తాను.
రేపు మళ్లీ ఆరుకు ఫ్లాస్కు వస్తుంది.